గిద్యోను పట్టా

మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి గనుల్లో ఉలి పట్టిన ప్రతివాడికీ గిద్యోను తెలుసు. తెలియకపోతే వాడి ఉలి ఇంకా విరగలేదన్నమాట. గనుల నుంచి రైలు స్టేషనుకు పోయే బండిబాట పక్కన, మిషను పేటకు చివర, ఇరవై సెంట్ల జాగాలో అతని గుడిసె ఉండేది. గుడిసె ముందు పందిరి, పందిరి కింద కొలిమి. అలాగని కమ్మరి ఇంట పుట్టినవాడు కాదు. తండ్రి పేతురు తోళ్లు పదును పెట్టి చెప్పులు కుట్టినవాడు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఆ పనే చేస్తూ కన్ను మూసినవాడు. కుర్రతనంలో గిద్యోను పని నేర్పమని కమ్మరి దగ్గరికి పోతే, "మీకు తోలుంది చాలదా, ఇనుము గూడా కావాల్నా?" అని నవ్వాడట. ఆ నవ్వుకు ఇరవై ఏళ్లుగా జవాబు చెబుతూనే ఉన్నాడు గిద్యోను.

ఆ పందిరి కింద కొన్న పనిముట్టు వెతికినా దొరికేది కాదు. కొలిమితిత్తి చచ్చిన మేక తోలు; అది మాత్రం తండ్రి నేర్పిన విద్య. పీపాలకు చుట్టే ఇనుప బద్దెకు ఆకురాయితో పళ్లు కోసి రంపం చేశాడు. విరిగిన గొడుగు పుల్లను సానబట్టి, దానికి తోలు వారు మెలివేసి, వెదురు విల్లు తగిలించి అటూ ఇటూ లాగితే అదే బరమా. పలకలకు బిగించే కర్ర చట్టాలకు మూలల్లో బెజ్జం వేయడానికి దానంత చక్కటిది మద్రాసు నుంచి తెప్పించినా రాదని చట్టాల వడ్రంగులు అనేవారు. చట్టాలు నునుపు చేయడానికి గరుకుగుడ్డ కావాలా? పగిలిన సీసాల పెంకులు దంచి, వస్త్రగాళితం పట్టి, నల్లమల బంకతో గోనెపట్టకు అంటించి ఎండబెట్టేవాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. భార్య యేసుమణి మాత్రం, "ఈయన చేతికి దొరికితే నా మెడలో పూసలు గూడా మేకులైతాయి" అని ఎకసెక్కం ఆడేది.

అన్నిటికన్నా పేరు అతని ఉలికే. పలకరాయిని పొరలు పొరలుగా చీల్చాలంటే ఉలి అంచు పలచగా ఉండాలి, పలచగా ఉండి వంగకూడదు, వంగకుండా ఉండి విరగకూడదు. బస్సుల కింద విరిగిన స్ప్రింగు కమ్ముల్ని షెడ్ల వాళ్లు పారేస్తే ఏరుకొచ్చి, గిద్యోను ఉలులు సాగగొట్టేవాడు. అంచు ఎండిన జొన్నచొప్ప రంగుకు తిరిగిందాకా చూసి, టక్కున ఆముదంలో ముంచేవాడు. ఆ రంగు ఒక్క క్షణం నిలుస్తుంది. తిత్తి ఊదే యేసుమణికి ఆ క్షణంలో ఊపిరి తీయడం కూడా మరుపే. యుద్ధం వచ్చి బజారులో ఇనుము కనపడకుండా పోయిన తర్వాత, పది గనులకు ఉలులు ఆ పందిరి కిందినుంచే పోయాయి.

ఒక్కటే కొరత, దాగలి. ఎర్రటి ఇనుమును ఎత్తుకొచ్చి కొట్టాలంటే కింద ఏదో ఒకటి గట్టిది ఉండాలి కదా. మొదట్లో నల్లరాయి మీద కొట్టేవాడు. ఏడాదికి రెండు రాళ్లు పగిలేవి, పగిలిన పెంకు ఒకసారి యేసుమణి కనుబొమ చీల్చింది. ఆ గాయం చూసిన ఏబేలు అనే ముసలాయన, రైలు కంపెనీలో గ్యాంగు మేస్త్రీ, వరసకు చిన్నాయన, ఒక సాయంత్రం బండిలో మూరెడు రైలుపట్టా ముక్క వేసుకొచ్చి దించాడు.

"లైను మార్చినప్పుడు కోసి పారేసిన ముక్క రా అబ్బయ్యా. మూడేండ్ల నుంచి తుప్పల్లో పడుండాది. నీకు పనికొస్తాదని తెచ్చినా," అన్నాడు.

"ఎవురన్నా అడిగితే చిన్నాయనా?"

"నేనియ్యలా? నా పేరు చెప్పు."

ఆ పై ఏడాది కలరాలో ఏబేలు పోయాడు. చెప్పుకోవడానికి ఉన్న ఒక్క పేరు సమాధిలోకి పోయింది. పట్టా మాత్రం పందిరి కింద మొద్దుకు బిగించి ఉండిపోయింది. గనుల్లో దానికి అదే పేరయింది. "గిద్యోను పట్టా మీద తేలిన ఉలి" అంటే ఇక బేరం లేదు. "పట్టా మోగుతాంది, మామ లేచినాడు" అని పేటలో ఆడవాళ్లు పొద్దు పోల్చుకునేవారు. ఆ పేటలో పట్టా అనే మాటకు ఇంకో అర్థం ఉందన్న సంగతే మరిచిపోయారు.

ఇంకో అర్థం ఉంది. ఆ ఇరవై సెంట్ల జాగాకు సర్కారు వారు పేతురుకు దర్కాస్తు మీద పట్టా ఇచ్చారు. కాని ఆ ఇంట్లో దాన్ని ఎవరూ ఏనాడూ పట్టా అనలేదు. "నాయన కాయితం" అనేవారు. రేకు గొట్టంలో పెట్టి ఇంటికప్పు వాసంలో దోపి ఉండేది. వాన కురిసిన ప్రతిసారీ, "నాయన కాయితం తడుస్తాందేమో చూడే" అని గిద్యోను కేకేసేవాడు. అంతే, దాని పేరు అది.

జపాను వాడు వస్తున్నాడని జనం వణికిన ఏడాది అది. ఆగస్టులో కోస్తా దిక్కున రైలుపట్టాలు పీకారు, స్టేషన్లు తగలబెట్టారు. ఆ సెగ ఇక్కడిదాకా వచ్చింది. లైను వెంబడి పల్లెల్లో పోలీసులు ఇళ్లు సోదా చేశారు. పక్క పల్లెలో ఒకడి దొడ్లో రెండు పట్టా బోల్టులు దొరికాయని చేతులు వెనక్కి కట్టి నడిపించుకు పోయారన్న వార్త శనివారం పేటకు చేరింది. రెండు బోల్టులకే ఆ గతి పడితే మూరెడు పట్టాకు ఏం పడుతుంది? గిద్యోనుకు అన్నం సయించలేదు. ఆదివారం అందరూ గుళ్లో పాటలు పాడుతూ ఉండగా, పందిరి కింద బొగ్గుల కుప్ప జరిపి, మోకాటి లోతు గుంట తవ్వి పట్టాను పాతిపెట్టి, మళ్లీ బొగ్గులు పోశాడు. పెళ్లయినప్పటి నుంచి అతను ఆరాధన తప్పింది ఆ ఒక్కరోజే.

బుధవారం పొద్దెక్కాక ఇద్దరు మనుషులు బాట దిగి వచ్చారు. ఒకాయన ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, చేతిలో బెత్తం. వెనక బిళ్ల బంట్రోతు. యేసుమణి ఇంట లేదు; తన చెల్లెలు గురమ్మకు పురుడు పోయడానికని గిద్దలూరు పోయి ఉంది. ఆమె ఇంట్లో ఉన్నట్టయితే, ఏ పట్టా దొరా అని ఎదురడిగేది, ఈ కథే లేదు.

ఆ వచ్చిన ఆయన రెవెన్యూ ఇనస్పెక్టరు. స్టేషను బాట పక్కన పలకలు నిలవచేయడానికి షెడ్డు వేసుకుంటాను, సర్కారు జాగా ఇప్పించండని మార్కాపురం వర్తకుడు వీరరాఘవయ్య శెట్టి అర్జీ పెట్టుకున్నాడు. కొత్త లెక్కల్లో ఆ జాగా పోరంబోకు అని ఉంది. దాని మీద ఎవరికైనా హక్కుందా అని విచారించడానికి వచ్చాడాయన. ఈ విచారణ సంగతి ఊళ్లో దండోరా వేశారు. పేటలో వేయడం మరిచారు. పొద్దుటి నుంచి ఎండలో తిరిగి విసిగిపోయిన ఆ పెద్దమనిషి, ముందూ వెనకా చెప్పకుండా, బెత్తంతో నేలను తట్టి అడిగాడు.

"ఏమోయ్, నీ దగ్గర పట్టా ఉందా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, గిద్యోను చూపు బొగ్గుల కుప్ప మీదికి పోయింది. ఖాకీ బట్టలు, బిళ్ల, బెత్తం. ఇంకేం కావాలి!

"లేదు దొరా."

"సరిగ్గా చెప్పు. ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదు దొరా."

"మీ నాయన నాడు?"

"మా నాయన చెప్పులు కుట్టుకునేటోడు దొరా, ఆయనకు పట్టా ఎందుకు? మా వంశంలోనే లేదు."

ఇనస్పెక్టరు కాస్త ఆశ్చర్యపోయాడు. ఎక్కడికి పోయినా లేని హక్కు ఉందని గోల చేసేవాళ్లే గాని, ఇంత గట్టిగా లేదనేవాణ్ణి ఆయన చూడలేదు. గోడకు తగిలించిన సిలువ చూసి, "కిరస్తానివా? అయితే మీ బైబిలు మీద చెయ్యేసి చెప్పు" అన్నాడు.

దేవుడి పుస్తకం మీద అబద్ధం! కాని చేతులు వెనక్కి కట్టించుకుని నడిచే మనిషి కళ్ల ముందు ఉన్నాడు. పుస్తకం తెచ్చాడు. చెయ్యి వేశాడు. "పట్టా లేదు, ఎన్నడూ లేదు" అన్నాడు. బంట్రోతు సిరా పూసి అతని బొటనవేలు కాయితం మీద నొక్కించాడు. చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నాను అని ఆ కాయితం అడుగున రాసి ఉంది. చదవనూ లేదు, వినిపించనూ లేదు.

"పోనీ, నిజం చెప్పినావు. సంతోషం," అని ఇనస్పెక్టరు వెళ్లిపోయాడు. గండం గడిచిందని గిద్యోను ఆ పూట కడుపునిండా సంగటి తిన్నాడు. తలచుకుంటే ఆ సంగటి మీద ఎంత జాలి వేస్తుందో!

నెల తిరగకముందే గుడిసె తడికెకు నోటీసు అంటించారు. మిషను బడి పంతులమ్మ ప్రేమకుమారి దాన్ని చదివింది. ఒకసారి చదివి, నమ్మలేక మళ్లీ చదివింది.

"గిద్యోనన్నా, పదిహేను దినాల్లో జాగా ఖాళీ చెయ్యాలంట. ఈ జాగాకు పట్టా లేదని నువ్వే బైబిలు మీద ప్రమాణం చేసినావంట గదా?"

"జాగాకు పట్టా ఏంది పంతులమ్మా? వాళ్లడిగింది రైలు..." అని గిద్యోను ఆగిపోయాడు.

"పట్టా అంటే భూమి కాయితం అన్నా. మీ నాయన కాయితమే పట్టా."

గిద్యోను లోపలికి పోయి, వాసంలో దోపిన రేకు గొట్టం వైపు తలెత్తి చూశాడు. యేసుమణికి సగమే అర్థమైంది, ఆ సగానికే నోట్లో కొంగు కుక్కుకుంది. రెండు పట్టాలున్న మనిషి ఒక్కటీ లేదని దేవుడి సాక్షిగా చెప్పాడు. లోకంలో ఇంత వెర్రి తప్పు ఇంకెవరైనా చేస్తారా? చేయరు. ఆ పేటలో పుట్టి, ఆ దాగలి మీద బతికినవాడే చేస్తాడు.

వాసంలోంచి రేకు గొట్టం దించి తాలూకా కచేరీకి పోయారు మొగుడూ పెళ్లామూ. పన్నెండు దినాలు మెట్ల మీద కూర్చుంటే పదమూడో నాడు పిలుపు వచ్చింది. తాసీల్దారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆయన్ని తిట్టుకునైనా కడుపు మంట చల్లార్చుకోవచ్చు. కాయితం విప్పి వెలుగుకు పెట్టి చూశాడు. ఇరవై ఏళ్లు కొలిమి పొగ తాగిన కాయితం అది. సర్వే నంబరు మసి, ముద్ర ఒక మరక. కచేరీలో పేతురుకు పట్టా ఇచ్చిన సంవత్సరపు దస్తరం వెతికించాడు, చెదలు మిగిల్చిన అట్టలు దొరికాయి. ఇటు చూస్తే వాఙ్మూలం, దాని కింద రేఖలతో సహా కనపడే బొటనవేలి ముద్ర.

"ఈ కాయితం నిజమైతే ఆ రోజు లేదని ఎందుకు చెప్పినావు?" అని అడిగాడు.

ఇదీ అసలు ముడి. కారణం చెబితే జైలు, చెప్పకపోతే జాగా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గిద్యోను యేసుమణి వైపు చూశాడు.

"చెప్పయ్యా. ఒక అబద్ధంతో ఇంతదాకా వచ్చినాము, చాలు. నిజం చెప్పు," అంది ఆమె.

చెప్పాడు. దాగలి సంగతి, ఏబేలు సంగతి, బొగ్గుల కుప్ప సంగతి, అన్నీ చెప్పాడు. రైలుపట్టా అనుకున్నాను దొరా అనేసరికి కచేరీ అంతా గొల్లుమంది. గుమాస్తాలు కలాలు కింద పెట్టి నవ్వారు. తాసీల్దారు కూడా మీసం చాటున నవ్వాడు. నవ్వులు అయిపోయాక, అదే గొంతుతో, "అయితే కంపెనీ వారి పట్టా నీ దగ్గర ఉన్నట్టు ఒప్పుకుంటున్నావు" అని రాసుకున్నాడు.

ఆయన గిద్యోను మాటలో సగం నమ్మాడు. దొంగ సొత్తు ఉందన్న సగం. జాగా తనదన్న సగం మాత్రం, బైబిలు మీద ఒకసారి అబద్ధమాడినవాడి మాట ఎట్లా నమ్మేదని తోసేశాడు. నిజం చెప్పినందుకు నిజానికి దక్కిన మర్యాద అది!

మర్నాడు పోలీసులు బొగ్గులు జరిపి తవ్వారు. మట్టిలో నెలన్నర ఉన్నా పట్టా మీద పోతపోసిన కంపెనీ అక్షరాలు చెక్కుచెదరలేదు. గోనెగుడ్డతో ఒకసారి తుడిస్తే చంటిపిల్లకు కూడా కనపడేటట్టున్నాయి. పేతురు కాయితం మీద సర్కారు ముద్ర అందులో పావువంతు నిలిచినా ఈ కుటుంబం బతికేది. హెడ్డు కానిస్టేబులు అంతటితో పోలేదు. పందిరి కింద ఉన్నవన్నీ బయటికి తీయించాడు.

"ఈ ఉలి ఇనుము యాడిది?"

"బస్సు కమ్మి అయ్యా. షెడ్డోళ్లు పారేసినారు."

"ఈ రంపం?"

"పీపా బద్దె. దిబ్బ మీద ఏరుకున్నా."

"రసీదుందా?"

పారేసిన దానికి రసీదు ఎవడిస్తాడు? దిబ్బ ఇస్తుందా? సుత్తి, పట్టకారు, బరమా, ఉలులు ఒక్కొక్కటి చూపి అడిగారు. ఒక్కొక్కదానికీ గిద్యోను ఉన్నమాటే చెప్పాడు, ఒక్కటీ తనదని రుజువు చేయలేకపోయాడు. ఇరవై ఏళ్ల తెలివి అంతా అనుమానపు సొత్తని జాబితా ఎక్కింది. బండికెత్తారు. తిత్తిని మాత్రం తోలు గదా అని వదిలారు. యేసుమణి దాన్ని ఒళ్లో పెట్టుకుని బాట మధ్యన కూర్చుండిపోయింది.

యుద్ధకాలం కనుక నాలుగు నెలలు వేశారు. లైను పీకినవాడు కాదని మేజిస్ట్రేటు కొంత దయ తలచాడని అందరూ అన్నారు. ఇటు సంఘంలో, దేవుడి గ్రంథం మీద అబద్ధ ప్రమాణం చేసినందుకు ఆరు నెలలు గుళ్లో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లకు దూరంగా ఉండాలని పాస్టరు చెప్పి పంపాడు. ఆ ఒక్క శిక్షకు గిద్యోను తల వంచాడు. అది న్యాయమేనని జైల్లో తోటివాళ్లతో అన్నాడట.

తిరిగి వచ్చేసరికి జాగాలో వీరరాఘవయ్య రేకుల షెడ్డు లేచి ఉంది. యేసుమణి ఆ షెడ్డులోనే పలక చట్టాల మూలలకు రేకు బిగించే కూలికి కుదిరింది, పేటలో ఎవరి పంచలోనో తల దాచుకుంటోంది. వీరరాఘవయ్య అతన్ని చూసి గల్లా పెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"గిద్యోనూ, నీ మీద నాకు కక్ష లేదప్పా. సర్కారు పోరంబోకు అన్నారు, అడిగినా. నీదని తెలిస్తే అడిగేవాణ్ణి కాదు. పని కావాలంటే ఈడనే చెయ్యి."

ఆ మాటలో కపటం లేదు. తిట్టడానికి ఒక్కడైనా దొరకని దుఃఖం ఎంత బరువో గిద్యోనుకు అప్పుడు తెలిసింది. సరేనన్నాడు. తన కొలిమి గుంట పూడ్చిన చోటనే పలకలు దొంతర్లు పేర్చే పనికి చేరాడు. మొగుడూ పెళ్లామూ పక్కపక్కనే పని చేసేవారు.

వారం తిరిగాక గని నుంచి పౌలు అనేవాడు పరుగున వచ్చాడు. గిద్యోను వచ్చాడని తెలిసి ప్రాణం లేచివచ్చినట్టుంది వాడి మొహం. చేతిలో రెండు ముక్కలైన ఉలి.

"మామా, నువ్వు పోయినప్పటి నుంచి గనిలో ఒక్క ఉలి నిలవడం లే. దీన్నేమన్నా చెయ్యి. ఏముంటే దాంతోనే చెయ్యి మామా, నీకు చెప్పాల్నా!"

గిద్యోను ముక్కల్ని తీసుకున్నాడు. విరిగిన చోట బొటనవేలితో రాశాడు. రంగు తిరగకముందే ముంచారని వేలికి తెలిసిపోయింది. చట్టాల దగ్గర యేసుమణి చేయి ఆగింది. ఏమంటాడోనని ఊపిరి బిగబట్టింది.

"నాకు చేతకాదురా," అని ముక్కల్ని తిరిగి వాడి చేతిలో పెట్టాడు.

"చేతగాకపోయేదేంది మామా?"

"చేతగాదు. పో."

పౌలు విరిగిన ముక్కల్ని దొంతర పక్కన పారేసి వెళ్లిపోయాడు. యేసుమణి తల దించుకుని మళ్లీ రేకు బిగించసాగింది, కాని కళ్లకు మూల కనపడక వేలు కోసుకుంది. గిద్యోను వంగి ఆ రెండు ముక్కల్నీ ఏరి, రెండు చేతుల్లో పెట్టుకుని, శెట్టి గల్లా పెట్టె దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఏందప్పా?" అన్నాడు వీరరాఘవయ్య.

"మీ జాగాలో పడుండె శెట్టిగారూ. నావి కావు," అని ముక్కల్ని పెట్టె మీద పెట్టాడు గిద్యోను. "నావి కావని రాసుకోండి. రాసి ఒకసారి చదివి వినిపించండి, వేలిముద్ర ఏసి పోతా."